పగ్ గురక ముద్దుగా ఉందా? ముందు దాని ముక్కు చూడండి

మన దగ్గర చాలామందికి పగ్ జాతి కుక్క అంటే ఇప్పటికీ 'హచ్ కుక్క', ఒకప్పటి హచ్ మొబైల్ కంపెనీ టీవీ ప్రకటనలో కనిపించిన కుక్క. ఆ ప్రకటనలో పిల్లాడి వెనకే తిరిగిన గుణం మాత్రం నిజమే. మీరు ఏ గదికి వెళ్తే అక్కడికి వస్తుంది, ఒంటరిగా ఉండలేదు. ప్రకటనలో కనబడనిది దాని ఊపిరి కష్టం.

సమస్య: గట్టిగా గురక, కూర్చునే కునుకు, నాలుగడుగులకే ఆయాసం.

కారణం: మనుషులే. చైనా రాజభవనాల్లో ముద్దుగా పెరిగిన ఈ కుక్కలు 16వ శతాబ్దంలో డచ్ ఓడల్లో యూరప్ చేరాయి. ఆంగ్ల చిత్రకారుడు విలియం హోగార్త్ 1745లో తన బొమ్మ పక్కనే వేసుకున్న పగ్‌కి మూతి కాస్త పొడుగ్గానే ఉంటుంది. ఆ తర్వాత చప్పిడి ముఖాలనే ఏరి ఏరి జత కట్టించారు. పుర్రె పొట్టిదైంది గానీ లోపలి కండ ఆ మేరకు తగ్గలేదు. అంగిలి చివర గొంతుకు అడ్డం పడుతుంది, ముక్కు రంధ్రాలు సన్నటి చీలికల్లా ఉంటాయి.

పరిష్కారం: మెడపట్టీ తీసేసి ఛాతీకి చుట్టే పట్టీ (హార్నెస్) వేయండి. బరువు 6 నుంచి 8 కిలోల మధ్య ఉంచండి. పగ్ ఎప్పుడూ తిండి చూడనట్టే మొహం పెడుతుంది, నమ్మొద్దు. నిమిరితే పక్కటెముకలు చేతికి తగలాలి. అయినా ఆయాసం తగ్గకపోతే రంధ్రాలు వెడల్పు చేసి, అడ్డం పడే అంగిలి చివరను కత్తిరించే ఆపరేషన్ ఉంది. ఉన్నట్టుండి ముక్కుతో గాలి లోపలికి లాగుతూ గుర్రుగుర్రుమని, నిమిషంలోపే ఆగిపోతే మాత్రం టెన్షన్ అక్కర్లేదు, అది రివర్స్ తుమ్ము.

సమస్య: ఎండలో తూలడం, చిక్కటి సొల్లు, చిగుళ్లు ఎర్రబడటం లేదా నీలంగా మారడం.

కారణం: కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లే. పగ్‌కి ఆ దారే ఇరుకు.

పరిష్కారం: ముందు చల్లబరచండి, తర్వాతే ఆసుపత్రి. ఒళ్లంతా కుళాయి నీళ్లు పోసి ఫ్యాన్ కింద ఉంచండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. మన మే నెలలో వాకింగ్ తెల్లవారకముందే ముగించాలి.

సమస్య: ఒక కన్ను మూసుకోవడం, నీరు కారడం.

కారణం: కనుగుంట లోతు తక్కువ, గుడ్డు బయటికి ఉంటుంది. చిన్న గీత కూడా పుండవుతుంది.

పరిష్కారం: అదే రోజు డాక్టర్. ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే పుండు లోతుగా తినేస్తుంది.

ముక్కు మీది ముడత కంపు కొడితే లోపల తేమ చేరిందని అర్థం. రోజూ తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి.