వాష్ మచ్చలు పడుతోందా? బ్రష్‌ని తిట్టే ముందు కాగితం మీద ఒక చుక్క నీళ్ళు వేసి చూడండి

ఆదివారం పొద్దున మా ఇంటి వరండాలో నలుగురైదుగురు పెద్దవాళ్ళకి నీటిరంగులు నేర్పిస్తాను. వీళ్ళు కాక ఫోనులో బొమ్మల ఫొటోలు పంపి "ఏమండీ, ఆకాశం ఇలా తయారైంది, ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగేవాళ్ళు ఇంకో పదిమంది. బ్రష్ నంబరు చెబుతారు, రంగు ఏ కంపెనీదో చెబుతారు, ఏ వీడియో చూసి వేశారో కూడా చెబుతారు. కాగితం ఏమిటో, ఎప్పుడు కొన్నారో, ఇంట్లో ఎక్కడ పెట్టారో మాత్రం ఒక్కరూ చెప్పరు. అడిగితే "మంచి కాగితమేనండీ, ఖరీదైనదే" అంటారు. నేను అడిగింది ఖరీదు కాదు.

రంగు కలపడం, బోర్డుకి కాగితం టేపుతో అంటించడం వచ్చనుకునే రాస్తున్నాను. వాష్ అంటే నీళ్ళగా కలిపిన రంగుని కాగితం మీద సాఫీగా పరచడం. ఏ సమస్య వచ్చినా ముందు రెండు పనులు చేయండి. ఒకటి, ఫ్యాను ఆపండి. రెండు, కాగితం మూల మీద ఒక చుక్క మంచినీళ్ళు వేసి నిమిషం పాటు చూడండి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం పైన ఈ రెండిట్లోనే తేలిపోతాయి. అయినా ఎవరూ చేయరు.

వాష్ చారలు చారలుగా ఆరుతోంది

నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది, అంతే. మన ఇళ్ళలో ఫ్యాను తిరుగుతుంటే తిరుగుతున్నట్టే తెలియదు, అలవాటైపోయింది. పై గీత కింద రెండో గీత గీసేలోపు మొదటిది ఆరిపోతుంది, ఆ అంచు చారగా మిగిలిపోతుంది. పది నిమిషాలు చెమట పట్టినా ఫరవాలేదు, ఆపండి. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద ఆకాశాలు పొద్దున్నే వేసుకోవడం మేలు.

ఫ్యాను ఆపినా చారలు పడుతుంటే, రంగు తక్కువ కలుపుకుని మధ్యలో మళ్ళీ కలుపుతున్నారన్నమాట. రెట్టింపు కలుపుకోండి. బోర్డు పై అంచు కింద ఒక లావుపాటి పుస్తకం పెడితే రంగునీళ్ళు ప్రతి గీత కింది అంచున పూసలా నిలుస్తాయి, తరవాతి గీత ఆ పూసని కిందికి లాక్కుపోతుంది. చివర్లో మిగిలిన పూసని పిండిన బ్రష్‌తో ఎత్తేయాలి. వదిలేస్తే అది వెనక్కి పాకి కింద చెప్పే పువ్వు పూయిస్తుంది.

ఆరుతున్న రంగులో కాలీఫ్లవర్ పువ్వులు

సగం ఆరిన రంగు మీద అంతకంటే తడిగా ఉన్న బ్రష్ పెట్టారు. కొత్త నీళ్ళు పాత రంగుని పక్కకి నెట్టేస్తాయి, నెట్టిన రంగంతా అంచున పోగవుతుంది. తడిగుడ్డ పెట్టిన గచ్చు ఆరేటప్పుడు ముందు మెరుపు పోతుంది, తడి ఇంకా ఉంటుంది. కాగితమూ అంతే. మెరుస్తున్నంతసేపు ఏమైనా చేయండి. మెరుపు పోయిందంటే పూర్తిగా ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోండి. వానాకాలంలో అరగంట పట్టినా సరే. పువ్వు వచ్చేశాక దాన్ని సరిచేయబోతే పక్కన ఇంకో రెండు పూస్తాయి. వదిలేయండి, చాలాసార్లు మబ్బులా కలిసిపోతుంది.

రంగు పెట్టగానే ఇంకిపోతోంది, మచ్చలు మచ్చలుగా వస్తోంది

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

ఇది నాలుగైదు రూపాల్లో కనిపిస్తుంది, అందుకే జనం నాలుగైదు వేరే సమస్యలనుకుంటారు. బ్రష్ ఆనించగానే రంగు లోపలికి దిగిపోతుంది, పక్కకి పారదు. గీత అంచులకి నూగులా వెంట్రుకలు వస్తాయి. సాఫీగా ఉండాల్సిన వాష్‌లో మిరియాలు చల్లినట్టు ముదురు చుక్కలు తేలతాయి. తడిబ్రష్‌తో రుద్ది ఎత్తబోతే రంగు రాదు, కాగితం పొట్టు లేస్తుంది. ఆరాక బొమ్మంతా జీవం లేకుండా వెలసిపోయినట్టుంటుంది. చివర్లో టేపు లాగితే పై పొర దానితోపాటే వచ్చేస్తుంది. నేర్చుకునేవాళ్ళు వీటన్నిటికీ చెప్పుకునే కారణం ఒకటే: "నాకింకా చెయ్యి తిరగలేదండీ." చెయ్యి సంగతి తరవాత చూద్దాం. మీ కాగితానికి గంజి పోయింది.

అవును, గంజే. నూలు చీరకి గంజి పెడితే ఎలా నిలబడుతుందో, నీటిరంగు కాగితానికీ అలాంటిదొకటి పట్టిస్తారు. సైజింగ్ అంటారు. దూదికి నీళ్ళు కనబడితే తాగేయడమే తెలుసు, సైజింగ్ లేని కాగితం అంటే అద్దుడు కాగితమే. గుజ్జులో కొంత కలుపుతారు, మంచి కాగితాలకి తయారయ్యాక పైన మళ్ళీ పట్టిస్తారు. రంగు పైపైన నిలిచి, మనం బ్రష్‌తో అటూ ఇటూ నడిపేంత సేపు తడిగా ఉండేది దానివల్లే. పూర్వం అరబ్బుల కాగితానికి నిజంగానే పిండి గంజి పెట్టేవారు, దానికి బూజు పట్టేది. 13వ శతాబ్దంలో ఇటలీలోని ఫాబ్రియానో కాగితంవాళ్ళు దాని బదులు జంతువుల నుంచి తీసిన జెలటిన్ వాడారు. ఇప్పటికీ ఖరీదైన కాటన్ కాగితాల్లో కొన్నిటికి జెలటిన్ పూతే ఉంటుంది. తడిపినప్పుడు కొన్ని కాగితాలు తడిసిన గొర్రెలా వాసన రావడం అందుకే.

పిండి గంజి కంటే జెలటిన్ గట్టిదే కానీ అదీ బూజుకి తిండే. గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట, అంటే మన విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఏడాదిలో చాలా నెలలు, కాగితం మెల్లిగా తేమ పీల్చుకుని కంటికి కనబడని బూజుకి ఇల్లవుతుంది. హైదరాబాదులో ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. వానాకాలంలో చెమ్మ దిగే గోడ ఉంటే చాలు.

ఇక్కడే మోసం ఉంది. పొడిగా ఉన్నప్పుడు పాడైన కాగితమూ మంచి కాగితమూ ఒకేలా ఉంటాయి. అదే తెలుపు, అదే గరుకు. మరీ ముదిరితే గోధుమరంగు మచ్చలు పైకి వస్తాయి కానీ అంతకు చాలా ముందే సైజింగ్ పోయి ఉంటుంది. పైగా షీటంతా ఒకేసారి పాడవదు. ఈ సగం బాగుండి ఆ సగం పోయి ఉండొచ్చు. "నిన్న ఇదే ప్యాడ్ మీద బాగా వచ్చిందండీ" అన్న వాదన అందుకే పనికిరాదు.

నేనెలా చేతులు కాల్చుకున్నానో చెబుతాను. ఒకప్పుడు 22 బై 30 అంగుళాల ఫ్రెంచి కాటన్ షీట్లు ఆరు కొన్నాను, 300 జిఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందపాటి కాగితం. అంత మంచి కాగితం మీద అప్పుడే పిచ్చిగీతలు ఎందుకు, చెయ్యి కుదిరాక వాడదామని చుట్టచుట్టి బీరువా మీద పెట్టాను. బీరువా ఆనుకున్నది వాన కొట్టే గోడ. రెండు వానాకాలాలు గడిచాయి. చెయ్యి కుదిరిందనిపించిన రోజు ఒక షీటు తీసి గోదావరి రేవు వేశాను. నీళ్ళన్నీ పొడలమారి బొమ్మలా వచ్చాయి. రంగు పాతదనుకుని కొత్త ట్యూబులు కొన్నాను. తరవాత బ్రష్ మీద అనుమానం వచ్చి, ఆ ఆరు షీట్ల కంటే ఎక్కువ ఖరీదు పెట్టి సేబుల్ బ్రష్ కొన్నాను. మూడో షీటు పోయాక నాకిక రాదని బొమ్మలు వేయడమే మానేసి కొన్ని నెలలు ఊరుకున్నాను. ఒకరోజు ఎవరికో పాలెట్ కడిగి చూపిస్తూ ఆ షీటు ముక్కతోనే బ్రష్ తుడిచాను. పాతగుడ్డలా నీళ్ళన్నీ పీల్చేసింది. పక్కనే పడున్న చవక ప్యాడ్ ముక్క మీద అదే నీళ్ళు ముత్యంలా నిలబడి ఉన్నాయి. రెండేళ్ళకి జవాబు బల్ల మీదే దొరికింది.

పరీక్షలు మూడు. మొదటిది చుక్క: మంచి కాగితం మీద నీటిచుక్క ఉబ్బెత్తుగా నిమిషానికి పైగా కూర్చుంటుంది. పోయిన కాగితం మీద పది లెక్కపెట్టేలోపు చదునై, కింద బూడిదరంగు మరక దిగుతుంది. తిరగేస్తే వెనక కూడా కనబడుతుంది. ఒక్క మూలతో సరిపెట్టకుండా మధ్యలో కూడా వేసి చూడండి. రెండోది, వెడల్పు బ్రష్‌తో ఒక పట్టీ తడిపి కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకోవడం: సాఫీగా మెరిసే తడిలో అక్కడక్కడా మెరుపు లేని చుక్కలుంటే రేపు మిరియాలు తేలేది సరిగ్గా అక్కడే. మూడోది ప్రింట్లు తీసేవాళ్ళ పాత పద్ధతి, కాగితం మూల నాలుకకి ఆనించడం. సైజింగ్ లేకపోతే నాలుకకి అతుక్కుంటుంది. ఇంట్లోవాళ్ళు చూడకుండా చేయండి.

ఒక చిన్న మినహాయింపు. చవక ప్యాడ్‌లలో కొన్నిటికి ఒకవైపే నునుపూ పూతా సరిగ్గా ఉంటాయి. చుక్క ఇంకిపోతే వెనక వైపు కూడా చూసి అప్పుడు తీర్పు చెప్పండి.

ఇక వైద్యం. నిజం చెప్పాలంటే పోయిన సైజింగ్ పూర్తిగా తిరిగి రాదు. ఆ షీట్లని పెన్సిల్‌కీ, బొగ్గుకీ, పాస్టెల్‌కీ, అక్రిలిక్‌కీ వాడేసుకోండి, వాటికి భేషుగ్గా పనికొస్తాయి. మరీ మనసొప్పకపోతే ఇంట్లోనే జెలటిన్ పట్టించవచ్చు. బేకరీ సామాను కొట్టులో రుచీ రంగూ లేని జెలటిన్ పొడి దొరుకుతుంది. లీటరు నీళ్ళకి 20 నుంచి 30 గ్రాములు. ముందు చన్నీళ్ళలో పావుగంట నానబెట్టి, తరవాత వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించండి. మరగనిస్తే బలం పోతుంది. వెచ్చగా ఉండగానే వెడల్పు బ్రష్‌తో రెండువైపులా పట్టించి, నీడలో తీగ మీద ఆరేయండి. చైనా గ్రాస్ జెలటిన్ కాదు, సముద్రపు నాచు నుంచి తీసేది. అది గది వేడిలోనే గడ్డకట్టి గీతలు గీతలుగా అతుక్కుంటుంది, దాని జోలికి పోకండి. ఇంత చేసినా సాధన బొమ్మలకి సరిపోయే కాగితమే వస్తుంది, అసలు షీటు రాదు. నేను మిగిలిన మూడింటిలో ఒకదానికి చేసి, మిగతా రెంటినీ బొగ్గు బొమ్మలకి వాడేశాను.

కొత్త కాగితం కొన్నప్పుడు పాడవకుండా చూసుకోవడం ఇంతకంటే తేలిక. ముందు ఒక్క షీటు కొని ఇంట్లో చుక్క వేసి చూసి, తరవాత మిగతావి తెచ్చుకోండి. కొట్లో ఎన్ని వానాకాలాలు చూసిందో మనకి తెలియదు. పొడిగా ఎండ కాసిన రోజున నాలుగు ముక్కలుగా కోసి, జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో సహా మూసి, బీరువా లోపల బట్టల మధ్య అరలో పరచండి. వాన రోజున మూస్తే తేమని కూడా లోపలే పెట్టి మూసినట్టే. అటక మీద, మంచం కింద, వంటింటి గోడవైపు వద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆరునెలల్లో వాడేయగలిగినన్నే కొనండి. పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళందరికీ ఇదే జబ్బు: చవక కాగితం మీద సాధన, మంచి కాగితం దాచడం. మీ చెయ్యి కుదిరేలోపు అది పోతుంది.

"మన వాతావరణం నీటిరంగులకి పడదండీ" అని కొందరు తేల్చేస్తారు. చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టి పెరిగి బొమ్మలు వేసింది రాజమండ్రిలో, గోదావరి గట్టున. 1925లో పోయేనాటికి ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన నీటిరంగులు ఇప్పటికీ అక్కడి గ్యాలరీలో ఉన్నాయి, వెళ్ళి చూడండి.

కాగితం ముడతలు పడుతోంది

300 జిఎస్‌ఎం కంటే పలచనిదై ఉంటుంది. కాగితాన్ని రెండువైపులా తడిపి, ఉబ్బాక బోర్డు మీద పరిచి, నీళ్ళతో తడిపి అంటించే గోధుమరంగు గమ్ టేపు నాలుగు వైపులా వేసి ఆరనివ్వండి. బిగుసుకుంటుంది. ఓపిక లేకపోతే చిన్న బొమ్మలే వేసుకోండి.

రంగులన్నీ బురదయ్యాయి

దీనికి కాగితం బాధ్యత లేదు. గ్లాసులో నీళ్ళు మార్చండి, అసలు రెండు గ్లాసులు పెట్టుకోండి. ఒక మిశ్రమంలో రెండు రంగులు దాటొద్దు. సగం ఆరినదాన్ని మళ్ళీ మళ్ళీ కెలకొద్దు. పిల్లల డబ్బాలోని బిళ్ళ రంగులు సుద్దలా ఆరుతుంటే అందులో తెల్లపొడి ఎక్కువుంది. అవి పిల్లలకిచ్చి ఆరు మంచి ట్యూబులు కొనుక్కోండి.

ఇక అరుదైనవి

బోరు నీళ్ళ వల్ల పాడైన బొమ్మ నేనింతవరకు చూడలేదు. అనుమానముంటే ఒకసారి తాగే నీళ్ళతో వేసి చూడండి, మళ్ళీ ఆ మాట ఎత్తరు. కొత్త కాగితం మీద రంగు అసలు అంటకుండా పూసలు కడితే సైజింగ్ మరీ ఎక్కువైంది, తడి స్పాంజితో ఒకసారి మెల్లిగా తుడవండి. ఒక్క చోటే అంటకపోతే జంతికలు తిన్న చేత్తో పట్టుకున్నారు, ఆ జిడ్డు ఇక పోదు. అక్కడొక చెట్టు వేయండి. ట్యూబులో రంగు గడ్డకడితే పారేయకండి, ట్యూబు కోసి ముక్కని పాలెట్ గుంటలో పెట్టండి. తడిబ్రష్ తగిలితే మళ్ళీ వస్తుంది.