పరాయి దేశంలో టీచరు ఉద్యోగం: సంతకం పెట్టే ముందు తూచుకోవాల్సినవి

విదేశంలో టీచరు ఉద్యోగం ఖాయమైందని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "ఆ దేశం సేఫేనా?" దీనికి అవుననో కాదనో జవాబు చెప్పడం కుదరదు. ఒకే నగరంలో ఒక పేటలో ఆడవాళ్లు అర్ధరాత్రి కూడా నడిచి ఇంటికి వెళ్తారు, ఇంకో పేటలో చీకటి పడితే మగవాళ్లు కూడా బయటికి రారు. అందుకే ప్రశ్ననే మార్చుకోమంటాను. అక్కడ పరిస్థితి చెడితే, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా నేను బయటపడగలనా? పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుందా? టికెట్ డబ్బు నా చేతిలో ఉంటుందా? దేశం దాటాలంటే యజమాని సంతకం కావాలా? విమానాలు ఆగిపోతే ఏ రోడ్డు పట్టుకుని ఏ సరిహద్దుకు వెళ్లాలి? వీటికి జవాబులు ఉన్నవాళ్లు కొంచెం ప్రమాదం ఉన్న చోటికైనా ఆలోచించుకుని వెళ్లొచ్చు. జవాబులు లేకపోతే ఎంత ప్రశాంతంగా కనిపించే దేశమైనా తొందరపడకూడదు.

ముందు కాగితాలు

భద్రత అనగానే బాంబులు, తుపాకులు గుర్తొస్తాయి. కానీ టీచర్లు ఎక్కువగా ఇరుక్కుపోయేది కాగితాల దగ్గర. స్కూలు వాళ్లు "మా దగ్గర భద్రంగా ఉంటుంది" అని పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టేస్తారు. అది ఎంత మర్యాదగా జరిగినా మామూలు విషయం అనుకోవద్దు. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమను గుర్తుపట్టడానికి చెప్పిన 11 సూచికల్లో గుర్తింపు పత్రాలు తీసేసుకోవడం కూడా ఉంది. ఖతార్‌లో 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం పాస్‌పోర్టు తిరిగి ఇవ్వని యజమానికి 25,000 రియాల్స్ వరకు జరిమానా పడుతుంది. రెసిడెన్స్ పర్మిట్ వేయించడానికి కొన్ని రోజులు ఇవ్వక తప్పదు. అప్పుడు ఏ రోజు ఇచ్చారో, ఏ రోజు తిరిగి ఇస్తామన్నారో ఈమెయిల్‌లో రాయించుకోండి. ఆ తేదీ దాటితే మొహమాటపడకుండా అడగండి.

రెండోది, దేశం దాటే హక్కు. ఖతార్ 2018లో ఎక్కువమంది ఉద్యోగులకు ఎగ్జిట్ పర్మిట్ (దేశం దాటడానికి కావాల్సిన అనుమతి) అవసరం లేకుండా చేసింది. సౌదీ అరేబియాలో 2021 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన మార్పులతో ఉద్యోగి ఎగ్జిట్, రీ-ఎంట్రీ వీసాకు తానే దరఖాస్తు చేసుకోవచ్చు. అయినా బ్యాంకు అప్పు, చెల్లని చెక్కు, యజమాని వేసిన కేసు వంటివి పెండింగులో ఉంటే గల్ఫ్ దేశాల్లో ఎయిర్‌పోర్టు దగ్గరే ఆపేసే అవకాశం ఉంది. అక్కడ కారు లోన్, క్రెడిట్ కార్డు తీసుకునే ముందు దీన్ని వడ్డీ రేటు కన్నా ముందు చూసుకోవాలి.

మూడోది, వీసా రకం. "ముందు టూరిస్టు వీసా మీద వచ్చేయండి, తర్వాత మార్పిస్తాం" అనే స్కూలుకు నేనైతే అక్కడికక్కడే వద్దని చెబుతాను. చైనా చట్టంలో అనుమతి లేకుండా పనిచేసిన విదేశీయుడికి 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా ఉంది. తీవ్రమైన కేసుల్లో 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా ఉంటుంది. జరిమానాను మించిన నష్టం ఇంకోటి ఉంది. సరైన వీసా లేని టీచరు జీతం ఆగినా, వేధింపు జరిగినా, ఇల్లు దోపిడీకి గురైనా పోలీసుల దగ్గరికి వెళ్లలేడు. ఆ సంగతి స్కూలుకూ తెలుసు.

హెచ్చరికలను ఎలా చదవాలి

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా ప్రభుత్వాలు ట్రావెల్ అడ్వైజరీలను నాలుగు స్థాయిల్లో ఇస్తాయి. ఒకటి అంటే మామూలు జాగ్రత్తలు, నాలుగు అంటే వెళ్లొద్దని. బ్రిటన్ అంకెలు వాడదు, ఫలానా ప్రాంతానికి అసలు వెళ్లొద్దనో, తప్పనిసరి పని ఉంటేనే వెళ్లమనో మాటల్లో చెబుతుంది. పైన కనిపించే అంకె చూసి ఆగిపోకుండా లోపల ప్రాంతాలవారీగా రాసింది చదవండి. మీ స్కూలు ఉన్న జిల్లా పేరు అందులో ఉందేమో వెతకండి. మీ సొంత దేశం సలహాతో పాటు ఇంకో రెండు దేశాల సలహాలు పక్కన పెట్టుకుని చూస్తే, ఎక్కడ వాళ్ల మాటలు కలవడం లేదో అక్కడే మీరు అడగాల్సిన ప్రశ్నలు దొరుకుతాయి.

ఈ హెచ్చరికలకు ఇన్సూరెన్స్‌తో నేరుగా సంబంధం ఉంది. "వెళ్లొద్దు" అన్న చోటికి వెళ్తే చాలా పాలసీలు పనిచేయవు. యుద్ధం, అల్లర్ల వల్ల జరిగిన నష్టాన్ని మినహాయించే క్లాజు చాలా పాలసీల్లో ఉంటుంది. స్కూలు ఇచ్చే ఇన్సూరెన్స్ కాగితం తెప్పించుకుని రెండు విషయాలు చూడండి: మెడికల్ ఎవాక్యుయేషన్ (జబ్బు చేస్తే వైద్యం దొరికే చోటికి తరలించడం) ఉందా, ఉద్యోగం మానేసిన రోజునే కవరేజీ ఆగిపోతుందా.

సమాచారం కోసం స్కూలు తనంతట తాను పరిచయం చేసిన టీచర్లతో పాటు, అక్కడ పనిచేసి మానేసినవాళ్లను కూడా వెతికి పట్టుకోండి. ఆడవాళ్లయితే అక్కడ పనిచేసిన ఇంకో ఆడ టీచరుతోనే మాట్లాడాలి. "బాగుంటుందా?" అని అడిగితే "బాగానే ఉంటుంది" అంటారు. రాత్రి టాక్సీ ఎలా పిలుస్తారు, ఇంటి ఓనరు దగ్గర ఇంకో తాళం చెవి ఉందా, వేధింపు జరిగినప్పుడు ప్రిన్సిపాల్ ఏం చేశారు అని విడివిడిగా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

క్లాసురూమ్‌లో వచ్చే ప్రమాదం

ఇంజనీరుకో నర్సుకో లేని ప్రమాదం ఒకటి టీచరుకు ఉంది. మన పని మాట్లాడటం. మనం అన్నది ముప్పై మంది పిల్లలు ఇంటికి మోసుకెళ్తారు.

2007 నవంబరులో సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో ఒక బ్రిటిష్ టీచరును అరెస్టు చేశారు. ఆమె చెప్పే చిన్నపిల్లల క్లాసులో ఒక టెడ్డీ బేర్‌కు పేరు పెట్టమంటే పిల్లలు ఓట్లేసి ముహమ్మద్ అనే పేరు ఎంచుకున్నారు. మతాన్ని అవమానించారన్న కేసులో కోర్టు ఆమెకు 15 రోజుల జైలు వేసింది. బయట వీధుల్లో ప్రదర్శనలు జరిగాయి. చివరికి దేశాధ్యక్షుడి క్షమాభిక్షతో ఆమె విడుదలై స్వదేశానికి వెళ్లింది. ఈ కేసులో ఫిర్యాదు చేసింది తల్లిదండ్రులు కాదు, అదే స్కూల్లో పనిచేసే ఉద్యోగి. ఆ టీచరుకు చెడు ఉద్దేశం ఏ కోశానా లేదు. ఉద్దేశం లేకపోవడం ఒక్కటే ఆమెను కాపాడలేకపోయింది.

థాయ్‌లాండ్‌లో క్రిమినల్ కోడ్ 112వ సెక్షన్ కింద రాజును, రాణిని, యువరాజును లేదా రాజప్రతినిధిని అవమానించినట్టు తేలితే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల శిక్ష. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు తీసి పంచుకోవడం కూడా నేరం కావచ్చు. పిల్లలతో దిగిన గ్రూపు ఫొటో మురిపెంగా స్టేటస్‌లో పెట్టడం కూడా ఇందులోకి రావచ్చు. కాబట్టి మొదటి నెలలోనే స్థానిక సహోద్యోగి ఒకరిని నమ్మకంగా పట్టుకుని మతం, పాలకులు, సరిహద్దులు, మైనారిటీలు అనే నాలుగు విషయాల్లో క్లాసులో ఎంతవరకు మాట్లాడొచ్చో అడగండి. మ్యాప్ గోడకు తగిలించే ముందు కూడా అడగండి. సరిహద్దు గీత ఒకటి తేడాగా ఉన్నా గొడవైపోయే దేశాలు ఉన్నాయి.

మార్కుల గొడవను కూడా తక్కువ అంచనా వేయొద్దు. పలుకుబడి ఉన్న తండ్రి కొడుకును ఫెయిల్ చేయాల్సి వస్తే ఆ నిర్ణయం మీ ఒక్కరి పేరు మీద ఉండకూడదు. పేపరు ఇంకొకరితో దిద్దించి, ఫలితం డిపార్ట్‌మెంటు పేరుతో పంపించండి. ఏ విద్యార్థితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండొద్దు, ఇంట్లో ప్రైవేటు చెప్పొద్దు. ఇది పిల్లల రక్షణ కోసం ఉన్న నియమం. పరాయి దేశంలో మిమ్మల్ని కూడా అదే కాపాడుతుంది.

ఇంటికీ స్కూలుకీ మధ్య

టీచరు ఎప్పుడు ఎక్కడ ఉంటాడో టైంటేబుల్ చూసి ఎవరైనా చెప్పగలరు. ఐరిష్ టీచరు బ్రయాన్ కీనన్‌ను 1986 ఏప్రిల్‌లో బేరూట్‌లో అపహరించింది ఇంటి నుంచి యూనివర్సిటీకి బయల్దేరినప్పుడే. ఆయన నాలుగేళ్లకు పైగా బందీగా ఉన్నాడు. 2016 ఆగస్టులో కాబూల్‌లో అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ అఫ్ఘానిస్థాన్ అధ్యాపకులు ఇద్దరిని పోలీసు దుస్తుల్లో వచ్చిన సాయుధులు దారిలోనే ఎత్తుకెళ్లారు. వాళ్లు విడుదలైంది 2019 నవంబరులో. అపహరణల భయం నిజంగా ఉన్న చోట, క్యాంపస్ లోపల ఎంత కాపలా ఉందో చూసి ధైర్యపడటం సరిపోదు. రాకపోకలకు ఎవరు బాధ్యత తీసుకుంటారు, దారులు, వేళలు మారుస్తారా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

చాలా దేశాల్లో అపహరణలు అరుదు. అక్కడ దారిలో మిమ్మల్ని చంపగలిగేది ట్రాఫిక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో రోడ్డు ప్రమాదాల వల్ల ఏటా దాదాపు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. అందులో 92 శాతం అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే. సగానికి పైగా పాదచారులు, సైకిలు, బైకు మీద వెళ్లేవాళ్లు. ఉగ్రవాదానికి భయపడి నెలల తరబడి ఆలోచించిన మనిషి, దిగిన మూడో రోజే లైసెన్సు లేకుండా అద్దె స్కూటరు ఎక్కేస్తాడు. లైసెన్సు లేకపోతే ఇన్సూరెన్స్ డబ్బు రాదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అన్ని దేశాల్లోనూ చెల్లదు, చైనా దాన్ని గుర్తించదు. మంచి హెల్మెట్ బయల్దేరే ముందే కొనుక్కుని తీసుకెళ్లండి. రాత్రిపూట ఊళ్ల మధ్య బస్సు ప్రయాణం మానుకోండి. మొత్తం జాబితాలో ఒక్కటే పాటిస్తానంటే ఈ రోడ్డు జాగ్రత్తలే పాటించమంటాను.

ఇల్లు, మందులు

చలి దేశాల్లో గ్యాస్ హీటరు, బొగ్గు పొయ్యి ఉన్న ఇల్లు ఇస్తే కార్బన్ మోనాక్సైడ్ అలారం వెంట తీసుకెళ్లండి. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వీధికుక్కలు ఎక్కువగా ఉన్న చోటికైతే రేబిస్ ముందస్తు టీకా గురించి డాక్టరుతో మాట్లాడండి. కరిస్తే వెంటనే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. లక్షణాలు మొదలయ్యాక ఆ జబ్బు నుంచి బతకడం దాదాపు అసాధ్యం.

రోజూ వేసుకునే మాత్రలను కూడా సరిచూసుకోండి. జపాన్‌లో యాంఫెటమిన్ ఉన్న మందులు డాక్టరు చీటీ ఉన్నా నిషేధం. ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు తీసుకెళ్లినందుకు ఈజిప్టులో ఒక బ్రిటిష్ పర్యాటకురాలికి 2017లో మూడేళ్ల శిక్ష పడింది.

ఎప్పుడు వచ్చేయాలో ముందే రాసుకోండి

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. మొదటి వారం తుపాకీ శబ్దానికి నిద్ర పట్టదు, మూడో నెలకు "అది అవతలి పేటలోలే" అంటాం. టీచరుకు ఇంకో బంధం కూడా ఉంటుంది. పరీక్షలయ్యాక వెళ్దాం, ఈ బ్యాచ్ పాసయ్యాక వెళ్దాం అనిపిస్తుంది. పిల్లల మీది ఆ ప్రేమ నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. కానీ దాని వల్లే ఆలస్యం అవుతుంది. పైగా స్కూలు మూతపడితే ఫీజులు ఆగుతాయి కాబట్టి "భయపడాల్సిందేమీ లేదు" అని చివరిదాకా చెప్పేది యాజమాన్యమే.

2023 ఏప్రిల్ 15న ఖార్తూమ్‌లో సైన్యానికీ పారామిలిటరీ దళానికీ పోరు మొదలైంది. మొదటిరోజే ఎయిర్‌పోర్టు యుద్ధరంగమైంది, విమానాలు ఆగిపోయాయి. చాలామంది విదేశీయులు 800 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద ప్రయాణించి పోర్ట్ సూడాన్ చేరి, ఓడల్లో జెడ్డాకు వెళ్లాల్సి వచ్చింది. వీసాల కోసం పాస్‌పోర్టులు ఇచ్చిన సూడాన్ పౌరుల పత్రాలు మూసేసిన ఎంబసీల్లోనే ఉండిపోయాయి. విమానం టికెట్ ఒక్కటే దారి అనుకున్నవాళ్లకు అలాంటి రోజున ఏ దారీ ఉండదు.

కాబట్టి బయల్దేరే ముందు, ఇంట్లో ప్రశాంతంగా కూర్చున్నప్పుడే, ఏం జరిగితే వచ్చేస్తానో కాగితం మీద రాయండి. ఎంబసీలు సిబ్బంది కుటుంబాలను పంపేయడం, విమాన సంస్థలు ఒక్కొక్కటిగా సర్వీసులు ఆపేయడం, ఏటీఎంలలో డబ్బు దొరక్కపోవడం, స్కూలు యజమానులు తమ పిల్లలను దేశం దాటించడం వంటివి. వీటిలో రెండు జరిగితే బయల్దేరడమే. ఆ కాగితం మీ ఆప్తుల్లో ఒకరి దగ్గర ఉంచి, "నేను సాకులు చెబితే ఇది చదివి వినిపించు" అని చెప్పండి. డాలర్లో యూరోలో నగదు, పాస్‌పోర్టు, పత్రాల నకళ్లు, వారం రోజుల మందులు ఒకే సంచిలో సిద్ధంగా ఉండాలి. దిగిన వారంలోపు మీ ఎంబసీలో పేరు నమోదు చేయించుకోండి.

అరెస్టయితే ఏం చేయాలో కూడా ఇప్పుడే తెలుసుకోండి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, నిర్బంధంలో ఉన్న విదేశీయుడు కోరితే ఆ సంగతి అతని కాన్సులేట్‌కు తెలియజేయాలి. "కోరితే" అన్నది గుర్తుంచుకోండి, మీరే అడగాలి. మర్యాదగా, మళ్లీ మళ్లీ అడగండి. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద, అనువాదకుడు వచ్చేదాకా, సంతకం పెట్టొద్దు.