చిరునామా లేని మనిషికి చిరునామా: హైదరాబాద్ ఫుట్‌పాత్ నుంచి ఇంటి దాకా ఎలా?

‘నాంపల్లి స్టేషన్ ఎదురు ఫుట్‌పాత్, గేటు నుంచి మూడో కరెంటు స్తంభం దగ్గర.’ ఓటరు కార్డు దరఖాస్తులో చిరునామా గడిలో ఇలా రాయవచ్చా? నిక్షేపంగా రాయవచ్చు. ఎన్నికల సంఘం నిబంధనల్లోనే అందుకు దారి ఉంది. అదెలాగో కిందికి వెళ్లాక చెబుతాను.

చలికాలం రాగానే దుప్పట్లు పంచేవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. దుప్పటి మంచిదే, కానీ దానికి తెల్లారాక దాచుకునే చోటు కావాలి. ఇంకాస్త ముందుకెళ్లి సాయం చేద్దామనుకునేవాళ్లు నేరుగా ప్రభుత్వం పేదలకిచ్చే డబుల్ బెడ్రూం ఇంటి దరఖాస్తు పట్టుకుంటారు. అక్కడ ఆధార్, రేషన్ కార్డు అడిగేసరికి కథ ఆగిపోతుంది. నాకు అర్థమైనంతలో దీనికొక వరస ఉంది. ముందు మాట, తర్వాత షెల్టర్ (ఇల్లు లేనివాళ్లకు నడిపే ఆశ్రయం), తర్వాత కాగితాలు, ఆ పైన అద్దె గది, చివరికి ఇల్లు. మధ్యలో ఒక మెట్టు దాటేస్తే మళ్లీ వెనక్కి రావాల్సిందే.

మొదటి మెట్టు: ఎవరో తెలుసుకోండి

రాత్రి తొమ్మిది దాటాక వెళ్లండి. పగలు కనిపించేవాళ్లు వేరు, రాత్రి పడుకునేవాళ్లు వేరు. సెన్సస్ వాళ్లు కూడా ఇళ్లు లేనివాళ్లను రాత్రిపూటే లెక్కపెడతారు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా అలా తిరిగితే 17.7 లక్షల మంది తేలారు.

ఫోన్ తీసి ఫొటో తీయకండి. ‘అన్నా’, ‘అమ్మా’ అని పలకరించి, పక్కన కూర్చుని మాట్లాడండి. అందరూ బిచ్చగాళ్లే అనుకుంటాం గానీ, మాట్లాడితే అడ్డా కూలీలు, హోటల్లో గిన్నెలు తోమేవాళ్లు, పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు, చిత్తు కాగితాలు ఏరేవాళ్లు కనిపిస్తారు. పెద్దాసుపత్రుల గేట్ల దగ్గరైతే రోగి వెంట పల్లె నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లకు కావలసింది ఇల్లు కాదు, వారం రోజులు నడుం వాల్చే చోటు.

మనిషిని బట్టి ఫోన్ నంబరు మారుతుంది. ఒంటరి పిల్లలైతే 1098. ఇంట్లోంచి గెంటేసిన ముసలివాళ్లైతే 14567. గాయమో జ్వరమో ఉంటే 108. మతి స్థిమితం లేకుండా తిరుగుతున్నవాళ్లను షెల్టర్‌కు తీసుకెళ్లకండి, అక్కడ చూసుకునే ఏర్పాటు ఉండదు. పోలీసులకు చెప్పండి. అలాంటి మనిషిని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలనీ, లాకప్‌లో పెట్టకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చెబుతోంది. స్టేషన్‌లో మొహం చిట్లిస్తే సెక్షన్ నంబరు చెప్పి చూడండి.

రెండో మెట్టు: షెల్టర్

ఇక్కడ కాసేపు ఆగాలి. ‘పద, షెల్టర్‌లో దింపుతా’ అంటే చాలామంది కదలరు. ‘ఏడికి తీస్కపోతున్నరు సార్?’ అని అనుమానంగా చూస్తారు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దానికి ముందు నగరంలో రెండు నెలలు బిచ్చమెత్తడం నిషేధిస్తూ పోలీసులు ఉత్తర్వులిచ్చారు. రోడ్ల మీద దొరికినవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. వీధి దీపాల కింద పడుకునేవాళ్లు ఆ సంగతి మరిచిపోలేదు. కాబట్టి ముందు మీరు ఒక్కరే వెళ్లి షెల్టర్ చూసి రండి. తర్వాత ఆ మనిషిని చూసి రావడానికే రమ్మనండి, ఉండమని అప్పుడే అడగకండి.

షెల్టర్ ఎక్కడుందో కనుక్కోవడం తేలికే. కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 040-21111111కు ఫోన్ చేయండి. లేదా మీ సర్కిల్ ఆఫీసులో యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగానికి వెళ్లి అడగండి. షెల్టర్లను నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలే అయినా, వాటి వ్యవహారం చూసేది ఈ విభాగమే. మగవాళ్లకు, ఆడవాళ్లకు వేర్వేరుగా ఉంటాయి. పెద్దాసుపత్రుల దగ్గర రోగుల బంధువులకు విడిగా కట్టినవీ ఉన్నాయి.

అడిగే ముందు నిబంధనలు తెలిసి ఉంటే మన గొంతు గట్టిగా ఉంటుంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో పెద్ద నగరాలన్నీ లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున నడపాలంది. అదీ చలికాలంలోనే కాదు, ఏడాది పొడుగునా. 2013లో మొదలై 2024 దాకా నడిచిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్ని పథకంగా మార్చింది. లక్ష జనాభాకు వంద మందికి చోటు, ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగులు, 24 గంటలూ తెరిచి ఉండాలని చెప్పింది. స్టేషన్లు, బస్టాండ్లు, హోల్‌సేల్ మార్కెట్ల లాంటి చోట్లకు దగ్గర్లో ఉండాలంది. 2011 లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు. ఆ లెక్కన 6,700 మందికి మంచాలు ఉండాలి. ఉన్నవి అందులో ఒక మూలకు కూడా రావు. అందుకే ‘ఖాళీ లేదు’ అన్న జవాబు వినడానికి సిద్ధపడి, రెండో షెల్టర్ పేరు కూడా రాసుకుని వెళ్లండి.

చోటున్నా కొందరు రామంటారు. కారణం అడగండి, విసుక్కోకండి. భార్యాభర్తలైతే చెరో షెల్టర్‌కు పోవాలి. మూట పెట్టుకునే పెట్టె ఉండదేమోనని భయం. పనినిచ్చే మేస్త్రీ పొద్దున ఆరింటికి అడ్డా దగ్గరే ఎంచుకుంటాడు. షెల్టర్ నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటే ఆ రోజు కూలి పోయినట్టే. వాళ్లు వేసుకునే లెక్క మన లెక్కకన్నా గట్టిది. నా మటుకు నేను మూట గురించే ముందు అడుగుతాను. తాళం వేసుకునే పెట్టె దొరుకుతుందని తేలితే సగం బేరం కుదిరినట్టే.

చేరాక రిజిస్టర్‌లో పేరు ఎక్కిందో లేదో చూడండి. తర్వాతి మెట్టంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మూడో మెట్టు: కాగితాలు

అన్నిటికన్నా ఓపిక కావలసింది ఇక్కడే. షెల్టర్‌లో ఉన్నవాళ్లకు గుర్తింపు కార్డులు, బ్యాంకు ఖాతా, పింఛన్ లాంటివి ఇప్పించడం కూడా ఆ జీవనోపాధి మిషన్‌లో భాగంగానే పెట్టారు. అందుకే మేనేజర్‌ను మొహమాటపడకుండా అడగండి.

ముందు ఆధార్. ‘లేదు’ అంటే నమ్మేయకండి. ఎప్పుడో ఊళ్లో తీయించుకుని పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లకు కొత్తగా నమోదు చేయిస్తే వేలిముద్రలు పాత రికార్డుతో కలిసి దరఖాస్తు తిరస్కరిస్తారు, నెలలు వృథా. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రలతో పాత నంబరు వెతికించండి. నిజంగానే ఎప్పుడూ తీసుకోలేదని తేలితే, చిరునామా రుజువుగా ఆధార్ సంస్థ ఇచ్చిన నమూనాలో ధ్రువపత్రం చాలు. దాని మీద గెజిటెడ్ అధికారి, ఎమ్మెల్యే, కార్పొరేటర్ సంతకం చేయవచ్చు. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం సూపరింటెండెంట్ కూడా చేయవచ్చు. ఆ పత్రం సంతకం చేసిన రోజు నుంచి మూడు నెలలే చెల్లుతుంది, కాబట్టి సంతకం అయిన వారంలోనే కేంద్రానికి వెళ్లిపోండి.

ఇక ఓటరు కార్డు. ఫారం 6లో ఆ మనిషి రోజూ పడుకునే చోటే చిరునామాగా రాయండి. నివాస రుజువు అడగకూడదు. బదులుగా బూత్ లెవెల్ అధికారి రాత్రిపూట అక్కడికి వచ్చి, మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా లేదా అని చూడాలి. ఒక్క రాత్రి కాదు, ఒకటికన్నా ఎక్కువ రాత్రులు. ఇలాంటి నిబంధన ఉందని కింది స్థాయి సిబ్బందికే తెలియకపోవచ్చు, అప్పుడు 1950కి ఫోన్ చేయండి. అధికారి వచ్చి వెళ్లేదాకా చోటు మార్చవద్దని ఆ మనిషికి మరీ మరీ చెప్పండి. వాన వచ్చిందని ఎదుటి షాపు అరుగు మీదికి పోతే ‘మనిషి లేడు’ అని రాసుకుని పోతారు.

బ్యాంకులో ఏ కాగితమూ లేకుండా తెరిచే ‘చిన్న ఖాతా’ ఒకటుంది. ఫొటో ఇచ్చి, బ్యాంకు అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. అందులో 50 వేలకు మించి నిల్వ ఉండకూడదు, నెలకు 10 వేలకు మించి తీయకూడదు. గడువు 12 నెలలు. ఈలోగా గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టినట్టు చూపిస్తే మరో ఏడాది పొడిగిస్తారు. కూలి డబ్బు నడుముకు కట్టుకుని పడుకునేవాడికి ఈ ఖాతా దుప్పటికన్నా ఎక్కువ నిద్ర ఇస్తుంది.

రేషన్ కార్డు సొంతూళ్లో ఉంటే కొత్తది అడగనక్కర్లేదు. కేంద్రం బియ్యం వచ్చే కార్డు అయితే ఏ రాష్ట్రానిదైనా ఇక్కడి డీలర్ దగ్గర వేలిముద్ర వేసి తీసుకోవచ్చు.

నాలుగో మెట్టు: అద్దె గది

చదువుకునే పిల్లలకు అమీర్‌పేటలో మంచానికి ఇంత అని హాస్టళ్లు వీధికి పది. అడ్డా కూలీకి అలాంటిది దొరకదు. వలస కూలీలకు తక్కువ అద్దె ఇళ్లంటూ కేంద్రం 2020లో ఒక పథకం తెచ్చింది. 2024లో వచ్చిన పట్టణ ఆవాస్ యోజన 2.0లోనూ అద్దె ఇళ్లకు ఒక విభాగం పెట్టింది. ఇప్పటికైతే మాత్రం ఇద్దరు ముగ్గురు కలిసి బస్తీలో గది తీసుకోవడమే దారి. అడ్వాన్స్ డబ్బే అడ్డం. మీరు సాయం చేయదలిస్తే దుప్పట్ల ఖర్చు ఇక్కడ పెట్టండి.

ఐదో మెట్టు: ఇల్లు

డబుల్ బెడ్రూం ఇళ్లు 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీతో మొదలయ్యాయి. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు, గ్రేటర్‌లో లక్ష కట్టాలన్నది అప్పటి లక్ష్యం. ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు కూల్చి, అక్కడే కట్టి, అక్కడివాళ్లకే ఇచ్చారు. నాకు నచ్చిన పద్ధతి అదే. 2023లో ప్రారంభమైన కొల్లూరు కాలనీ వేరే కథ. ఒకేచోట 15,660 ఇళ్లు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ నాంపల్లి నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. ఆరింటికి అడ్డాలో ఉండాల్సిన మనిషి ఎన్నింటికి బస్సెక్కాలి? కాబట్టి దరఖాస్తు పెట్టే ముందే ‘దూరమైనా పోతావా?’ అని అడగండి.

2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో రూ. 5 లక్షలు దశలవారీగా ఇస్తారు. అయితే సొంత జాగా ఉండాలి. జాగా ఉన్నవాళ్లు ఎల్-1 జాబితా, జాగా కూడా లేనివాళ్లు ఎల్-2. ఫుట్‌పాత్ మీది మనిషి ఎల్-2లోకే వస్తాడు. సొంతూళ్లో తండ్రి పేర జాగా ఉందేమో మాత్రం ఒకసారి అడగండి. పట్టణ ఆవాస్ యోజనకైతే కుటుంబ వార్షికాదాయం ఆర్థికంగా బలహీన వర్గాల కింద రూ. 3 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు వార్డు సచివాలయంలో పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టే టిడ్కో ఇళ్ల సంగతి అడగాలి. అక్కడ 300, 365, 430 చదరపు అడుగుల రకాలున్నాయి.

ఇల్లు ఇప్పిస్తానని డబ్బు అడిగినవాడు ఎవడైనా బ్రోకరే. పేరున్న నాయకుడి మనిషినన్నా సరే, రూపాయి ఇవ్వనివ్వకండి.

ఆఖరుగా ఒక చిన్న జాగ్రత్త. దరఖాస్తులన్నింటిలో ఫోన్ నంబరు రాయాలి. ఫుట్‌పాత్ మీద ఫోన్ ఆరు నెలలు నిలిస్తే గొప్ప, దొంగలు జేబు కోసి పట్టుకుపోతారు. ఆ నంబరుతో పాటు ఓటీపీలూ, ఇంటి కబురూ పోతాయి. రెండో నంబరుగా షెల్టర్ మేనేజర్‌ది రాయించండి. కాగితాల జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో ఒక సెట్టు షెల్టర్ పెట్టెలో ఉంచి, ఫొటోలు ఆ మనిషి ఒప్పుకుంటే మీ ఫోన్‌లో దాచండి. సిమ్ పోయిన రోజే అదే నంబరు మళ్లీ తీయించండి.