హైదరాబాద్ చుట్టుపక్కల నదిలో గాలం వేయాలంటే: చోటు, అనుమతి, క్లబ్బు

ఏ నీటిలో చేపలు బాగా పడతాయని వాకబు చేయడానికి ముందు, ఆ నీటిలో చేపలు పట్టే హక్కు ఎవరిదో తెలుసుకోవాలి. తెలంగాణలో చెరువులపై ఆ హక్కు సాధారణంగా ఊరి మత్స్య సహకార సంఘానికి ఉంటుంది. పెద్ద జలాశయాల్లో మత్స్యకారులు మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సుతో వలలు వేస్తారు. చేపపిల్లలను వదిలి నెలల తరబడి కాపలా కాసిన ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల కంటికి, అడగకుండా గట్టున కూర్చున్న నగరవాసి సరదా మనిషిగా కనబడడు, దొంగగానే కనబడతాడు. కాబట్టి జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో విచారించి, సంఘం అధ్యక్షుడిని కలిసి, రుసుము ఉంటే చెల్లించి రసీదు దగ్గర ఉంచుకోవాలి.

ఇక చోటు విషయం. నగరం మధ్యగా పారే మూసీలో మురుగు కలుస్తున్నందున అక్కడ పట్టిన చేపను వంటింట్లోకి తేకూడదు. గండిపేట, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు గనుక, నిబంధనలు కనుక్కోకుండా అక్కడ కట్ట దిగడం మంచిది కాదు. నిజమైన నదీతీరం కావాలనుకునేవారికి దగ్గరలో ఉన్నది మంజీర. అయితే సంగారెడ్డి వైపు సింగూరు ఆనకట్టకూ మంజీర బ్యారేజీకీ మధ్యనున్న నీరు వన్యప్రాణి అభయారణ్యం, అందులో మొసళ్ళు ఉన్నాయి, అక్కడ గాలం వేయడం చట్టరీత్యా నేరం కూడా. మెదక్ జిల్లాలో నది పాయలుగా చీలే ఏడుపాయల పరిసరాల్లో గుడికి, స్నానఘట్టాలకు దూరంగా, స్థానికులను అడిగి చోటు చూసుకోవచ్చు. కృష్ణకు వెళ్ళదలిస్తే నాగార్జునసాగర్ సుమారు 150 కిలోమీటర్లు. అక్కడా అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దులు ఎక్కడ మొదలవుతాయో ముందే అటవీశాఖను అడిగి తెలుసుకోవాలి. రాంనగర్ చేపల మార్కెట్‌లో అమ్మేవారితో పది నిమిషాలు మాట్లాడినా ఉపయోగమే, ఎందుకంటే చెరువుల్లో పెంచిన చేప ఏదో, నదిలో పట్టి తెచ్చింది ఏదో, అది ఏ రేవు నుంచి వచ్చిందో వారికి బాగా తెలుసు.

వానలు తగ్గి నీరు తేటపడ్డాక గాలానికి అనువైన కాలం వస్తుంది. వాన మొదట్లో, అంటే మృగశిర కార్తె నాడు నగరమంతా చేపల కోసం బారులు తీరే రోజుల తరువాత, మన నదుల చేపలు గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతాయి. అప్పుడు గాలం అటకమీద పెట్టడమే న్యాయం. ఒడ్డున మొదటి అరగంట గాలం వేయకుండా నీటిని చూడండి. పాయ వచ్చి కలిసే చోట, బండ వెనుక సుడి నెమ్మదించే చోట, వంగిన చెట్టు నీడలో చేప ఆగుతుంది. బొచ్చె పైనీటిలోను, రోహు నడిమి నీటిలోను, ఎర్రమోసు అడుగున మేస్తాయి కాబట్టి, బెండుకూ గాలానికీ మధ్య దారం పొడవు దానిని బట్టి మార్చాలి. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దను రోహు ముందు పొడిచి చూస్తుంది: బెండు రెండు మూడుసార్లు వణికి, ఆగి, పక్కకు జారుతుంది, అప్పుడే లాగాలి. మన రాష్ట్ర చేప కొర్రమీను నాచు పట్టిన నిలకడ నీటిలో ఉంటుంది, గాలి పీల్చడానికి పైకి వస్తుంది. నీటిపై ఎర్రగా మెరిసే చిన్న పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే, తల్లిదండ్రులు కిందనే కాపలా ఉన్నాయని అర్థం. అక్కడ గాలం వేయకూడదు, ఎందుకంటే తల్లి పోతే ఆ పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి.

గాలం వేసేవారి క్లబ్బులో చేరే విషయంలో బెంగళూరు అనుభవం పనికివస్తుంది. 1972లో అక్కడ ఏర్పడిన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా కావేరిలో కొంత భాగాన్ని లీజుకు తీసుకుని, కాపలాదారులను పెట్టి, పట్టిన మాసీర్ చేపను తిరిగి వదిలే పద్ధతిని నడిపింది. నీటి బాధ్యత తలకెత్తుకున్న క్లబ్బు అంటే అది. కాబట్టి చేరేముందు మొదట అనుమతి పత్రం చూపమని అడగండి. నోటిమాటతో సరిపెట్టేవారిని వదిలేయండి. చేపల రాసి ముందు నిలబడిన సభ్యుల ఫొటోలు నా దృష్టిలో ఆ క్లబ్బుకు మైనస్ మార్కులే. మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలం వాడతారా, చేపను తడిచేతులతో పట్టుకుంటారా, మొప్పల్లో వేలు పెట్టి వేలాడదీయకుండా వలసంచిలో తూస్తారా, గుడ్ల కాలంలో సెలవు పాటిస్తారా అని చూడాలి. పేలుడు పదార్థాలు, విషం వాడి చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నిషేధించింది. వాటి గురించి నవ్వుతూ మాట్లాడేవారి పొరుగున కూర్చోవద్దు.

భద్రత గురించి అడగడానికి మొహమాటపడవద్దు. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో, ఆనకట్ట నుంచి హఠాత్తుగా వదిలిన నీటిలో 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆనకట్ట దిగువన గాలం వేయించే క్లబ్బు, గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ప్రాజెక్టు సిబ్బందిని అడిగి తెలుసుకుంటుందా, లైఫ్ జాకెట్లు ఇస్తుందా, మద్యం తాగినవారిని నీటి అంచుకు రానివ్వకుండా ఆపుతుందా అన్నవి అడిగి తీరాలి. వార్షిక రుసుము కట్టే ముందు ఒకరోజు అతిథిగా వెళ్ళి, అందరూ లేచి వెళ్ళాక గట్టు మీద తెగిన దారాలు, ఎర కవర్లు ఎన్ని మిగిలాయో చూసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి.