స్కేల్ మోడల్ కట్టే ముందు ట్యాంకు వేరియంట్‌ను ఎలా తేల్చుకోవాలి?

ఎం4ఏ1, ఎం4ఏ2, ఎం4ఏ3, ఎం4ఏ4 అనే పేర్లు చూసి రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా ట్యాంకు షెర్మన్ ఒక్కో మెట్టూ ఎక్కుతూ మెరుగుపడిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇవి చాలావరకు ఒకే కాలంలో, వేర్వేరు ఫ్యాక్టరీల్లో తయారయ్యాయి. తేడా ప్రధానంగా ఇంజిన్‌లో, హల్‌లో (ట్యాంకు కింది ప్రధాన దేహంలో) ఉంటుంది. ఏ1 హల్ పోతపోసింది కాబట్టి అంచులు గుండ్రంగా ఉంటాయి. ఏ4లో పెద్ద ఇంజిన్ పట్టడానికి హల్ పొడవు పెంచారు, అందుకే దాని బోగీల (చక్రాల జతల) మధ్య ఎడం ఎక్కువ.

కాబట్టి ముందుగా ఒకే ఒక్క బండిని ఎంచుకోండి. ఏ సైన్యం, ఏ చోటు, ఏ నెల అన్నది కాగితం మీద రాసుకోండి. తేదీ ఖాయమైతే సగం చిక్కులు విడిపోతాయి. 1943 జూలైలో రష్యాలోని కుర్స్క్ యుద్ధం నాటి జర్మన్ టైగర్ ట్యాంకు కడుతుంటే జిమ్మరిట్ పూత (అయస్కాంత మందుపాతరలు అంటకుండా పూసేది) వద్దు, ఉక్కు అంచు చక్రాలూ వద్దు. ఆ పూత మొదలైంది ఆ యుద్ధం తర్వాతే, ఆ చక్రాలు వచ్చింది 1944లో.

తర్వాత ఆ కాలపు ఫోటోలు వెతకండి. ఫోటో కింది వ్యాఖ్య కంటే ఫోటోలో కనిపించేదాన్నే నమ్మండి. వ్యాఖ్యలు చాలాసార్లు తర్వాత ఎవరో రాసినవి. ఒక వైపు మాత్రమే కనిపిస్తే రెండో వైపుకి అదే యూనిట్‌లోని మరో బండిని చూడండి, కానీ అది ఊహేనని గుర్తుపెట్టుకోండి.

అసలు పని ఇక్కడే ఉంది: ప్రతి మార్పుకీ కారణం అడగండి. చాలా షెర్మన్ల హల్‌కి కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి అదనపు ఉక్కు పలకలు వెల్డ్ చేసి ఉంటాయి. లోపల గుండ్లు పెట్టే అరలు సరిగ్గా అక్కడే ఉండటమే కారణం. తర్వాతి వెట్ స్టోవేజ్ (గుండ్ల అరల చుట్టూ ద్రవం ఉంచే పద్ధతి) బండ్లలో గుండ్లను అడుగుభాగానికి మార్చారు. అందుకే 47 డిగ్రీల ముందు పలక ఉన్న ఎం4ఏ3కి ఆ పలకలు అతికిస్తే తప్పు. 17 పౌండర్ తుపాకీ బిగించిన బ్రిటిష్ షెర్మన్ అయిన ఫైర్‌ఫ్లైలోనూ ఇంతే. ఆ తుపాకీ వెనక్కి తన్నడానికి చోటు కావాలి, అందుకే రేడియో టరెట్ (పైన తిరిగే తుపాకీ గది) వెనక బిగించిన పెట్టెలోకి వెళ్లింది. ముందు కూర్చునే మెషిన్‌గన్నర్‌ని తీసేసి ఆ చోటు గుండ్లకిచ్చారు, అతని తుపాకీ రంధ్రం మూసేశారు. బారెల్ ఒక్కటే మార్చి ఊరుకుంటే ఫైర్‌ఫ్లై కాదు.

మ్యూజియం బండ్లు కొలతలకి బంగారమే, కానీ మరమ్మతుల్లో భాగాలు మారి ఉంటాయి. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంలో ఉన్న టైగర్ 131నే తీసుకోండి, దాన్నిప్పుడు నడిపించేది తన సొంత ఇంజిన్ కాదు.

కొలత పోల్చడం తేలిక: అసలు కొలతను స్కేలు అంకెతో (1/35 అయితే 35తో) భాగించండి. టైగర్ చక్రం వ్యాసం 800 మిల్లీమీటర్లు, 1/35లో సుమారు 23. జర్మన్ ట్యాంకు లెపర్డ్ 2ఏ6 బారెల్ పాత లెపర్డ్ 2 బారెల్ కంటే 1.3 మీటర్లు పొడవు, అంటే మోడల్‌పై 37 మిల్లీమీటర్ల తేడా. ఇంత తేడా కంటికి ఆనుతుంది.

చివరగా కిట్ సూచనలు, ఫోటో పక్కపక్కన పెట్టి తేడాలు రాసుకోండి. రెజిన్ (పోతపోసిన అదనపు భాగాలు) లేదా ఫోటో-ఎచ్ (పలుచని లోహపు భాగాలు) సెట్ కొనేది ఆ జాబితా చూశాకే. గమ్ మూత కూడా అప్పటిదాకా తీయకండి.