క్యారవాన్ బండికి ఫ్రిజ్‌ను, కరెంటు ఏర్పాటును ఎలా ఎంచుకోవాలి?

వ్యానును క్యారవాన్‌గా, అంటే లోపలే వండుకుని పడుకునే బండిగా మార్పించుకునేవారు తరచుగా ఫ్రిజ్‌ను ముందు కొని, దానికి సరిపడే బ్యాటరీ కోసం ఆ తర్వాత వెతుకుతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి, ఇక్కడ తిరిగే బండికి లెక్క ఎండాకాలంతోనే మొదలు కావాలి. డిసెంబరులో సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున చక్కగా నడిచిన ఏర్పాటు మే నెలలో ఒక్క రాత్రికే చేతులెత్తేయవచ్చు.

1. ఫ్రిజ్ రకాన్ని తేల్చుకోండి

చవకగా దొరికే థర్మోఎలక్ట్రిక్ పెట్టెలు (కంప్రెసర్ లేకుండా కరెంటుతో చల్లబరిచేవి) బయటి వేడి కంటే సుమారు 15 నుంచి 20 డిగ్రీలే తగ్గించగలవు కాబట్టి, 45 డిగ్రీలకు కాగిన బండిలో వాటిని నమ్మి పాలు పెట్టలేము. గ్యాసుతో నడిచే ఫ్రిజ్‌కు చప్పుడు ఉండదు గానీ, అది బండి మట్టంగా నిలిచి ఉంటేనే సరిగా పనిచేస్తుంది, పైగా మండుటెండలో దాని చల్లదనం తగ్గుతుంది. ఇంటి ఫ్రిజ్‌ను ఇన్వర్టర్‌పై నడపవచ్చు, కానీ ఇన్వర్టర్ కొంత కరెంటును తానే తినేస్తుంది. మన ఎండలకు 12 వోల్టుల డీసీ కంప్రెసర్ ఫ్రిజే తగినది. నలుగురికి 40 నుంచి 50 లీటర్లు చాలు. మూత పైకి తెరుచుకునే రకమైతే తీసినప్పుడల్లా చల్లగాలి బయటికి జారిపోదు.

2. రోజు వాడకాన్ని యూనిట్లలో లెక్కించండి

ఇటువంటి ఫ్రిజ్ నడిచేటప్పుడు సుమారు 50 వాట్లు తీసుకుంటుంది. వేసవిలో కంప్రెసర్ మూడింట రెండు వంతుల సమయం నడుస్తుందనుకుంటే రోజుకు 0.8 యూనిట్ అవుతుంది (వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్). రాత్రంతా తిరిగే 30 వాట్ల ఫ్యానుకు 0.25, దీపాలకు, ఫోన్లకు 0.1 కలిపితే మొత్తం 1.15 యూనిట్లు.

3. బ్యాటరీని ఎంచుకోండి

12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1.28 యూనిట్లు నిలువ ఉంటాయి, అందులో 80 శాతం, అంటే ఒక యూనిట్ వాడుకోవడం మంచిది. పై లెక్కకు అది చాలదు, 150 ఆంపియర్-అవర్లది తీసుకోండి. సీసపు బ్యాటరీలో సగమే వాడుకోవాలి, బరువూ ఎక్కువే. లిథియం బ్యాటరీని ఇంజను వేడి తగిలే చోట మాత్రం బిగించకండి. అధిక వేడిలో దాని రక్షణ సర్క్యూట్ ఛార్జింగ్‌ను ఆపేస్తుంది.

4. ఛార్జింగ్ మార్గాలు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బండి చింతచెట్టు నీడన ఉంటే ఫ్రిజ్‌కు సుఖం, పైకప్పు మీది సోలార్ ప్యానెల్‌కు నష్టం. అందుకని ప్యానెల్‌ను బిగించేయకుండా, పొడవైన వైరుతో ఎండలో పరుచుకునే మడత ప్యానెల్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. 300 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు దాదాపు ఒక యూనిట్ ఇస్తుంది. దీనికి తోడు, బండి నడిచేటప్పుడు ఇంజను వైపు కరెంటుతో ఈ బ్యాటరీని నింపే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టించుకుంటే, హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్‌కు సుమారు 150 కిలోమీటర్లు మూడు గంటల్లో నడిచేసరికి ఇంజను వైపు నుంచి ఒక యూనిట్‌కు పైగానే బ్యాటరీలోకి చేరుతుంది. ఈ ఛార్జర్ లేకుండా బండిని స్టార్ట్ చేసే బ్యాటరీని, ఈ బ్యాటరీని నేరుగా కలిపితే, రాత్రి ఫ్రిజ్ రెండింటినీ ఖాళీ చేసి, పొద్దున బండి స్టార్ట్ కాక తోయించుకోవలసి రావచ్చు.

5. వైరింగ్, గాలి

బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఫ్రిజ్‌కు సిగరెట్ లైటర్ సాకెట్ కాకుండా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును విడిగా లాగించండి, సన్నని వైరులో వోల్టేజీ పడిపోయి కంప్రెసర్ మాటిమాటికీ ఆగుతుంది. కంప్రెసర్ జాలీ ముందు సామాను పేర్చకండి. బయలుదేరే ముందు రాత్రే ఫ్రిజ్‌ను ఇంటి కరెంటుపై చల్లబరిచి, చల్లటి నీళ్ల సీసాలతో నింపి ఉంచండి.