పాత డెస్క్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ: బిగించేటప్పుడు ఒకసారికి ఒక్క డిస్కే

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం బజార్లలోని డీటీపీ షాపుల్లో, ఫొటో స్టూడియోల్లో ఇప్పటికీ రెండో తరం, మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్ల డెస్క్‌టాప్‌లు కనిపిస్తాయి. స్విచ్ వేశాక పని అందుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతోందంటే సాధారణంగా కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్‌డిస్క్. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో హెడ్ కావలసిన చోటికి చేరి చదవడానికి ప్రతిసారీ 10 నుంచి 15 మిల్లీసెకన్లు పడుతుంది. తిరిగే డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీకి 0.1 మిల్లీసెకను చాలు. విండోస్ లేచేటప్పుడు వేల కొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి కాబట్టి తేడా అక్కడ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

బిగించడం సులువు: రెండు కేబుళ్లు, నాలుగు స్క్రూలు. పని పాడయ్యేది పాత డిస్క్‌నీ కొత్త డిస్క్‌నీ కలిపి తగిలించి విండోస్ ఎక్కించినప్పుడు.

ఏం కొనాలి

2.5 అంగుళాల సాటా (డిస్క్‌ని బోర్డుకి కలిపే పోర్టు రకం) ఎస్‌ఎస్‌డీ అడగండి. చిన్న పట్టీలా ఉండే ఎం.2 రకానికి ఈ పాత బోర్డుల్లో స్లాట్ ఉండదు. జీ31, జీ41, హెచ్61 చిప్‌సెట్ బోర్డుల సొంత పోర్టులు సాటా 2 రకం, గరిష్ఠంగా సెకనుకు 300 ఎంబీ. కాబట్టి డబ్బా మీద 550 ఎంబీ అని రాసి ఉన్నా మీకు దక్కేది 270 చుట్టుపక్కలే. దానికి దిగులు అక్కర్లేదు. ఉపయోగం చిన్న ఫైళ్లు చకచకా చదవడంలో ఉంది, అది సాటా 2 మీద కూడా దక్కుతుంది. మామూలు హెచ్81 బోర్డులో రెండు, బీ75లో ఒకటి సాటా 3 పోర్టులుంటాయి. ఎస్‌ఎస్‌డీని అందులోనే పెట్టండి.

240 జీబీది కొంటే విండోస్ 223 అని చూపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కగడుతుంది, విండోస్ 1024తో లెక్కగడుతుంది, అంతే. ర్యామ్ 2 జీబీయే ఉంటే ముందు దాన్ని కనీసం 4కి పెంచండి. లేకపోతే ఎస్‌ఎస్‌డీ వేసినా సిస్టమ్ ఈడుస్తూనే ఉంటుంది.

వీటితోపాటు ఒక సాటా డేటా కేబుల్, 3.5 అంగుళాల గూట్లో 2.5 అంగుళాల డిస్క్ కూర్చోబెట్టే బ్రాకెట్, నాలుగు పొట్టి ఎం3 స్క్రూలు తెచ్చుకోండి. పాత హార్డ్‌డిస్క్ స్క్రూలు లావుగా ఉంటాయి, ఇందులోకి దూరవు. బలవంతంగా తిప్పితే మర పోతుంది. ఎలాగూ క్యాబినెట్ విప్పుతున్నారు కాబట్టి బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చేయండి. అది నీరసించి ఉంటే తేదీ, బయోస్ (స్విచ్ వేయగానే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాం) సెట్టింగులు మాటిమాటికీ పోతాయి.

పవర్ సప్లైలో ఖాళీ సాటా పవర్ పిన్ లేకపోతే షాపులో మోలెక్స్ నుంచి సాటాకి మార్చే కన్వర్టర్ ఇస్తారు. ఇక్కడ జాగ్రత్త. ప్లాస్టిక్ కరిగించి వైర్ల మీద అచ్చుపోసిన రకం తీసుకోవద్దు. లోపల వైర్లు పక్కకి జరిగి ఒకదానికొకటి తగిలితే షార్ట్ అయి కాలిపోతుంది. వైర్లు ఒక్కొక్కటిగా నొక్కి బిగించి, వెనక మూత విడిగా కనిపించేది తీసుకోండి.

క్లోనా, కొత్త విండోసా?

ఇంట్లో వాడే సిస్టమ్‌కి కొత్త విండోసే మేలు. డీటీపీ సిస్టమ్‌కి మాత్రం క్లోన్ చేయండి, అంటే పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయండి. తెలుగు శుభలేఖలకు పేజ్‌మేకర్‌తో అను స్క్రిప్ట్ మేనేజర్, ఒడియా పనికి ఆకృతి ఫాంట్లు, వాటి లైసెన్సులు, డాంగిల్ డ్రైవర్లు అన్నీ మళ్లీ కూర్చడం చిన్న పని కాదు. పాత ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు కాబట్టి అదే ఫాంటు లేకపోతే తెరవగానే అక్షరాల చోట పిచ్చి గుర్తులు వస్తాయి. క్లోన్ చేసినా సరే, ఫాంట్ల ఫోల్డర్, ఖాతాదారుల ఫైళ్లు ముందుగా వేరే డిస్క్‌లోకి కాపీ పెట్టుకోండి.

క్లోన్‌కి ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో ‘కాషన్’ అని ఉండి, ‘కరెంట్ పెండింగ్ సెక్టర్లు’ (సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) సున్నా కాకపోతే క్లోన్ మధ్యలో ఆగే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు అవసరమైన ఫైళ్లు తీసుకుని కొత్త విండోసే వేయండి.

క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్ క్లోన్‌జిల్లా మామూలు సెట్టింగుల్లో పాతదానికంటే చిన్న డిస్క్‌లోకి కాపీ చేయదు. 500 జీబీ హార్డ్‌డిస్క్‌కి 480 జీబీ ఎస్‌ఎస్‌డీ తెస్తే అక్కడే ఆగిపోతారు, 512ది తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ కంపెనీ సొంత క్లోన్ సాఫ్ట్‌వేర్ ఇస్తే మాత్రం, అందులో చాలావరకు వాడిన డేటా వరకే కాపీ అవుతుంది కాబట్టి చిన్నదైనా సరిపోవచ్చు. ఏది మూలం, ఏది గమ్యం అన్నది సైజు చూసి కాదు, మోడల్ నంబరు చూసి ఎంచుకోండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వెళ్లి నిండు డిస్క్ మీద పడుతుంది.

యూపీఎస్ లేకుండా క్లోన్ మొదలుపెట్టొద్దు. ఏప్రిల్, మే సాయంత్రాల ఈదురుగాలులకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. చవక ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయిన క్షణాన రాస్తున్నది కాపాడే కెపాసిటర్లు ఉండవు.

బిగింపు

ప్లగ్ పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి పని మొదలుపెట్టండి. దుమ్ము దులపండి. సాటా పిన్నులు ‘ఎల్’ ఆకారంలో ఉంటాయి, ఒకే వైపు దూరతాయి. అడ్డం తిరిగితే నెట్టకండి, పోర్టు ప్లాస్టిక్ విరుగుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు, ఏ వైపు పెట్టినా ఫర్వాలేదు. కానీ కేబుల్‌కి వేలాడనివ్వొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త విండోస్ వేస్తుంటే హార్డ్‌డిస్క్ డేటా కేబుల్ పీకేయండి. రెండూ తగిలి ఉంటే విండోస్ ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కినా, బూట్ ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లోని ‘సిస్టమ్ రిజర్వ్‌డ్’ భాగంలోకి వెళ్లిపోగలవు. అంతా బాగానే నడుస్తుంది. ఆరు నెలలకి ఆ హార్డ్‌డిస్క్ పోయిన రోజున, ఎస్‌ఎస్‌డీ నిక్షేపంగా ఉన్నా సిస్టమ్ లేవదు.

క్లోన్‌కి రెండు డిస్కులూ ఉండక తప్పదు. అయిపోగానే షట్‌డౌన్ చేసి, హార్డ్‌డిస్క్ కేబుల్ తీసి, ఎస్‌ఎస్‌డీని మొదటి పోర్టులో పెట్టి, అది ఒక్కటే ఉండగా లేపండి. రెండూ ఉంటే చాలాసార్లు పాత డిస్కే లేస్తుంది. అది గమనించక ఎస్‌ఎస్‌డీ వేసినా వేగం రాలేదని అనుకుంటారు. రెండింటికీ ఒకే డిస్క్ సిగ్నేచర్ (విండోస్ డిస్క్‌ని గుర్తుపట్టే నంబరు) ఉన్నందున విండోస్ వాటిలో ఒకదాన్ని ‘ఆఫ్‌లైన్’లో పెట్టేస్తుంది కూడా.

కొత్త విండోస్ ఎక్కించడానికి, యూఈఎఫ్ఐ (బయోస్ కొత్త రూపం) లేని బోర్డులకు 8 జీబీ పెన్‌డ్రైవ్‌ని రూఫస్ సాఫ్ట్‌వేర్‌లో ఎంబీఆర్ (డిస్క్ భాగాలు నమోదు చేసే పాత పద్ధతి), బయోస్ ఎంపికతో తయారుచేయండి. కొత్త పద్ధతి జీపీటీ పెడితే ఆ బోర్డుల్లో విండోస్ బూట్ కాదు.

బయోస్‌లో సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) పాత ఐడీఈ కాకుండా కొత్తదైన ఏహెచ్‌సీఐ ఉంటే మంచిది. జీ31, జీ41 బోర్డులు చాలావాటిలో ఆ ఎంపికే ఉండదు, ఐడీఈలోనే వదిలేయండి, పని చేస్తుంది. హెచ్61లో ఉంటుంది. అయితే ఐడీఈలో ఎక్కిన విండోస్ 10ని నేరుగా మారిస్తే నీలం తెర వస్తుంది. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో ‘సేఫ్ బూట్’ టిక్ పెట్టండి. రీస్టార్ట్‌లో బయోస్‌కి వెళ్లి ఏహెచ్‌సీఐ చేయండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక ఆ టిక్ తీసేస్తే సరి.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ తరం ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. కాబట్టి ఆన్‌లైన్ దరఖాస్తులు, బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో లినక్స్ మింట్ వేయడం మేలు, డీటీపీ సిస్టమ్‌ని నెట్‌కి దూరంగా ఉంచొచ్చు.

తర్వాత

‘డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్’ తెరిచి, డిస్క్ పక్కన ‘సాలిడ్ స్టేట్ డ్రైవ్’ అని ఉందో లేదో చూడండి. ఉంటే విండోస్ డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కలు ఒకచోట చేర్చడం) బదులు ట్రిమ్ (తుడిచేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పడం) చేస్తుంది. విడిగా డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే తీసేయండి. డిస్క్‌లో పదిహేను, ఇరవై శాతం ఖాళీ వదలండి.

హార్డ్‌డిస్క్‌ని వారం, పది రోజులు పక్కన పెట్టండి. ఈలోగా ఒక తెలుగు శుభలేఖ, ఒక ఒడియా కరపత్రం తెరిచి ప్రింట్ తీసి చూడండి. అన్నీ సరిగ్గా వస్తేనే మళ్లీ తగిలించి, బూట్ వరుసలో ఎస్‌ఎస్‌డీని మొదట పెట్టి, పాత విండోస్ భాగం తుడవండి. ఆ హార్డ్‌డిస్క్‌ని రోజువారీ పని కాపీకి వాడుకోండి. హార్డ్‌డిస్క్ పోయే ముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేస్తుంది, ఫైళ్లు నెమ్మదిగా తెరుచుకుంటాయి. ఎస్‌ఎస్‌డీ నిన్న బాగానే ఉండి ఇవాళ బయోస్‌లోనే కనపడకపోవచ్చు, ట్రిమ్ జరిగిన ఫైళ్లు తిరిగి రాబట్టడం కూడా దాదాపు కుదరదు. అందుకే షాపు మూసే ముందు ఆ రోజు ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి.